పద్దెనిమిదో గీత

నిరుడు ఎర్ర చొక్కా తొడుక్కుని ఆడిన కుర్రవాడే ఈ ఏడు నీలం చొక్కా తొడుక్కుని, నిరుటి తన జట్టువాళ్ళ మధ్యకే కూతకు పోయి, ఇద్దరిని ముట్టి, నవ్వుకుంటూ తిరిగి వచ్చాడు. మొన్న మా మనవరాలు టీవీలో ఆ కబడ్డీ ఆట పెట్టింది. 

"వాడు అవతలి జట్టువాడు కదా?" అని అడిగాను.

"వేలంలో ఇటు వచ్చినాడులే అవ్వా. ఏడాదికి కొందరు మారతానే ఉంటారు."

"వాళ్ళ ఊరోళ్ళు ఏమీ అనరా?"

"ఊరేంది అవ్వా, ఆటగాళ్ళకు ఊరుంటదా?" అని నవ్వి, వేయించిన శెనక్కాయల గిన్నె నా ఒళ్ళో పెట్టింది.

ఒక్క గింజ తినలేకపోయాను. ముప్పై నాలుగేళ్ళు బడిపిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. వాన పడిన రోజు, గేదె ఈనిన రోజు, కరెంటు పోయిన గంటలు, అన్నీ రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. అరవై అయిదేళ్ళ కిందటి ఒక మధ్యాహ్నాన్ని మాత్రం ఎక్కడా రాసుకోలేదు. రాయకపోయినా అందులో ఒక్క అంకె కూడా చెదరలేదు.

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. తర్లుపాడుకు నడిచిపోయేంత దూరంలో మా ఊరు, ఊరికి తూర్పున ఒక వాగు, వాగవతల నాయన పుట్టిన ఊరు. మా అరుగు నుంచి వాగు నడిమికి మూడు వందల పన్నెండు అడుగులు. అక్కడి నుంచి ఆ ఊరి మొదటి ఇంటికి నాలుగు వందల నలభై. నా అడుగులు లెండి, తొమ్మిదేళ్ళ పిల్లవి.

నాయన మా ఊరికి ఇల్లరికం వచ్చాడు. తాతకు మా అమ్మ ఒక్కతే సంతానం. మగపిల్లలు లేని ఇంటికి అల్లుణ్ణి తెచ్చుకుని కొడుకు చోట కూర్చోబెట్టడం మా వైపు రైతుల్లో కొత్త కాదు. అతను కొడుకు చేసే చాకిరీ అంతా చేస్తాడు, కొడుక్కు దక్కేదంతా దక్కుతుంది. కాకపోతే ఏ చిన్న మాట తేడా వచ్చినా "ఇల్లరికపోడు" అన్న మాట ఎవరో ఒకరి నాలుక చివర సిద్ధంగా ఉంటుంది.

మా రెండు ఊళ్ళకూ శ్రీరామనవమి నాడు చెడుగుడు పందెం ఉండేది. గెలిచిన ఊరికి ఒక టెంకాయ, ఆడిన ఏడుగురికీ తలా ఒక తువ్వాలు. అంతే. ఆ తువ్వాలు ఏడాది పొడుగునా భుజాన వేసుకుని అవతలి ఊరి మీదుగా నడవడంలో ఉండేది అసలు గెలుపు. పెళ్ళికి ముందు నాయన ఆరేళ్ళు తన ఊరి తరఫున ఆడాడు. ఆ ఆరింటిలో అయిదుసార్లు మా ఊరు ఓడింది. నాయన మా ఇంటికి వచ్చిన ఏడే, పశువులు పైరులో పడిన గొడవలో రెండు ఊళ్ళకూ మాటలు పోయి, పందెం ఆగిపోయింది. పదేళ్ళు ఆట లేదు. అందువల్ల నాయన ఏ ఊరివాడన్న ప్రశ్న ఆ పదేళ్ళూ ఎవరికీ అడగాల్సిన పని పడలేదు.

ఆ ఏడు పెద్దమనుషులు రాజీపడ్డారు. పందెం మళ్ళీ పెట్టాలన్నారు. ఆ కబురు తెచ్చిన రోజు తాత గడపలోకి వస్తూనే నవ్వుతున్నాడు.

"ఈసారి వాళ్ళ కత్తి మన చేతిలో ఉండాది," అన్నాడు.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అంది. "ఆయన్ను ఒదిలిపెట్టు నాయనా. సొంత అన్న మీదికి ఎట్ల పోతాడు?"

"అన్న గీత అవతల. అన్నం గీత ఇవతల. ఇన్నాళ్ళూ యాడ తింటన్నాడో ఊరు చూడాల్నా వద్దా?"

నాయన అక్కడే కూర్చుని సజ్జరొట్టె తింటున్నాడు. చింతకాయ తొక్కులో ముంచిన ముక్క చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి దాన్ని తిరిగి పళ్ళెంలో పెట్టి, "ఆడతాలే మామా," అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. పళ్ళెంలో రెండున్నర రొట్టెలు మిగిలాయి. ఆయన రొట్టె మిగల్చడం నేను ముందెన్నడూ చూడలేదు.

నా భయం అక్కడ మొదలైంది. దానికి కారణం మా వీధి చివరి ఇల్లు. అందులోనూ ఒక ఇల్లరికపు అల్లుడు ఉండేవాడు. అంతకు ముందు ఏడు, కళ్ళంలో నలుగురిలో అతణ్ణి మామ ఏదో మాట అన్నాడట. మర్నాడు కంభం సంతకని బయలుదేరి, మళ్ళీ రాలేదు. వాళ్ళమ్మాయి నా పక్కనే కూర్చునేది. వాళ్ళ నాయన వెళ్ళిపోయాక బడిలో వెనక బెంచీకి మారింది. "పొద్దున్నే చెప్పులు చేత్తో పట్టుకోని పోయినాడే, చప్పుడు కాకుండా," అని నాతో ఒక్కదానితో చెప్పింది.

ఆటకు ఇంకా ముప్పై ఒక్క రోజులున్నాయి. ఆ ముప్పై ఒక్క రోజులూ నేను కళ్ళు తెరవగానే చేసిన మొదటి పని, వాకిట్లోకి పరిగెత్తి నాయన చెప్పులు చూడడం. ఓడితే, అన్న కోసం ఊరిని ఓడించాడంటారు. తాత పదిమందిలో అననే అంటాడు. అప్పుడు నాయన వాగు దాటిపోతాడు. ఆయనకు పోవడానికి కంభం దాకా అక్కరలేదు, ఏడువందల యాభై రెండు అడుగులు చాలు. అమ్మ తాతను వదిలి వెంట పోదు. అక్కడికి ఎన్నిసార్లు కూడినా అంతే వచ్చేది.

నాయన సాయంత్రాలు పశువుల కొట్టం వెనక కూత సాధన చేసేవాడు. ఊపిరి ఒకటే, కూత ఊరికొకటి. మా ఊరివాళ్ళది "చెడుగుడు చెడుగుడు" అని గుర్రం దౌడులాగా ఒకే తీరున పోయేది. వాగవతలి వాళ్ళది "బలేగుడు బలేగుడు" అని, నడుమ చిన్న విరుపుతో ఊగేది. ఎవరి కూత వాళ్ళు కూయాలి. అవతలి ఊరి కూత నోట పెట్టడం అంటే అవతలి ఇంటి దేవుడికి మొక్కినంత తప్పు. నాయన మా ఊరి కూత నేర్చుకుంటున్నాడు, ముప్పై దాటిన వయసులో. నేను పేడకుప్ప పక్కన నిలబడి ఒకటి రెండు అని లెక్కపెట్టేదాన్ని. నలభై మూడు దగ్గర ఊపిరి తెగిపోయేది. ఎన్ని రోజులు చేసినా నలభై మూడే.

"పాత కూతలో ఎంత పోయేటోడివి నాయనా?" అని ఒకసారి అడిగాను.

ఆయన చుట్టూ చూశాడు. "ఆ మాట ఇంకెక్కడా అడగమాకు," అన్నాడు. నాకు తెలిసి నాయన నన్ను చూసి భయపడిన సందర్భం అదొక్కటే.

గీతలు గీసే పని నా మీద పడింది. పాయింట్లు లెక్కపెట్టే మనిషి రెండు ఊళ్ళకూ సమ్మతమై ఉండాలి. పోయిన ఆటల్లో ఆ దగ్గరే కొట్లాటలు పుట్టేవట. ఈసారి ఆట నడిపించడానికి మార్కాపురంలో బట్టల దుకాణం ఉన్న ఒక సాయబును ఒప్పించారు. తెల్లగడ్డం, మెడలో ఈల, జేబులో గడియారం. ఆయనే అడిగాడట, "లెక్క వచ్చినోళ్ళు, రెండు పక్కలా రక్తం ఉన్నోళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అని. ఊరంతా నా పేరు చెప్పింది. బడిలో కూడికల్లో నన్ను మించినవాళ్ళు లేరు. అమ్మది ఈ ఊరు, నాయనది ఆ ఊరు.

సాయబు మార్కాపురం నుంచి కొత్త పలక, నాలుగు బలపాలు తెచ్చి నా చేతికిచ్చాడు. "దేఖో బేటీ, నేను గీత అంటేనే గియ్యి. పలక మీద ఉందే లెక్క. ఇంక ఎవరి నోటి మాటా చెల్లదు." తర్వాత రెండు ఊళ్ళ పెద్దలచేతా పలక మీద చెయ్యి వేయించి ఒప్పించాడు. తడిపిన కొత్త పలకకు ఒక వాసన ఉంటుంది, తొలకరి పడిన రాతినేల వాసన. ఆ రోజు దాన్ని పీల్చకుండా పలకను బోర్లించి పెట్టాను.

నవమి రోజు తాటాకుల పందిరి కింద పెద్ద గంగాళాల్లో పానకం కలిపారు. మిరియాలు, యాలకులు, బెల్లం ఘాటు ఊరంతా కమ్ముకుంది. వడపప్పులో మామిడికాయ కోరు వేశారు. పిల్లలందరూ దొప్పలు పట్టుకుని మళ్ళీ మళ్ళీ వరసలో నిలబడి, పంచేవాడు గుర్తుపట్టకుండా చొక్కాలు మార్చుకుంటున్నారు. ఇంకో ఏడు అయితే నేనూ అందులో ఉండేదాన్ని. ఆ రోజు నా కళ్ళు పందిరి గుంజలకు ఆనించిన కర్రల మీద ఉన్నాయి. మావైపు పద్నాలుగు, వాళ్ళవైపు పదిహేడు. ఆటకు కర్రలెందుకు?

వాగవతలి ఏడుగురికీ పెద్ద మా పెదనాయన. నాయనకు ఆరేళ్ళు పెద్ద, అదే ముక్కు, అవే వంకర కాలివేళ్ళు. నన్ను చూసి "ఏమ్మా, లెక్కలమ్మా," అన్నాడు. సంతలో కనపడితే ఎత్తుకునేవాడు. ఆ రోజు ఎత్తుకోలేదు.

ఆట మొదలైంది. సాయబు గడియారం ప్రకారం అరగంట, విరామం, మళ్ళీ అరగంట. ముట్టి తిరిగి వస్తే ఒక గీత. కూతకు వచ్చినవాణ్ణి పట్టి ఆపితే ఒక గీత. పట్టు తప్పించుకుని పోతే ఎవరికీ గీత లేదు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఏటవాలుగా ఒకటి, అది అయిదు. పలకలో ఎడమ సగం మా ఊరిది, కుడి సగం వాళ్ళది. నాయన ముట్టి వచ్చినప్పుడల్లా వాగవతలి ఆడవాళ్ళు తిట్టేవాళ్ళు. "తల్లిపాలు మరిచిపోయినోడా!" ఆయన ఖాళీగా వచ్చినప్పుడల్లా మావాళ్ళు గొణిగేవాళ్ళు. "రక్తం యాడికి పోతది?" రెండు వైపుల మాటలూ నాకు వినపడేవి. నేను సరిగ్గా నడిగీత చివర కూర్చున్నాను.

చివరి కూత పెదనాయనది. అప్పటికి వాళ్ళు పద్దెనిమిది, మేము పదిహేడు. ఆయన మావాళ్ళ లోపలికి చొచ్చుకుపోయి, ఎవరూ దొరక్క వెనక్కి తిరిగాడు. నాయన ఒక్క దూకుతో ఆయన చీలమండ పట్టుకున్నాడు. అందరూ మీద పడ్డారు. దుమ్ము లేచింది. జనానికి వీపులు తప్ప ఏమీ కనపడలేదు. నాకు మాత్రం నేలకు దగ్గరగా కనపడింది, మూరెడు దూరంలో. నాయన చేతివేళ్ళు అయిదూ చీలమండ చుట్టూ బిగిసి ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటే విడిపోయాయి. ఎవరూ విడదీయలేదు. పెదనాయన కాలు పట్టులోంచి జారి, ఆయన చెయ్యి గీత దాటింది. ఈల మోగింది. ఆట అయిపోయింది.

సాయబు గీత అనలేదు. నేను మా ఊరి వైపు ఒక గీత గీశాను.

నాయన పట్టుకున్నప్పుడే తొందరపడి గీశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. వదిలాకే గీశాను. వేళ్ళు విడిపోవడం చూశాను, వాకిట్లో లేని చెప్పులు కళ్ళముందు కనపడ్డాయి, గీశాను.

"ఎంత బేటీ?" అన్నాడు సాయబు.

"సమానం తాతా. పద్దెనిమిది, పద్దెనిమిది." ఇంకోసారి చెప్పించాడు.

వాగవతలి వాళ్ళు గోల చేశారు. "దొంగలెక్క! మేం గెలిచినాం!" కర్రల దగ్గరికి ముగ్గురు నలుగురు కదిలారు. పెదనాయన వాళ్ళను తోసుకుంటూ వచ్చి నా ముందు వంగి పలక చూశాడు. మూడు కట్టలు, మూడు గీతలు. ఆ చివరి గీత వంకరగా ఉంది, మిగతావన్నీ నిటారుగా ఉన్నాయి. దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"పిల్ల లెక్క తప్పదు," అన్నాడు లేచి. "సమానమే."

గండం గడిచిందనుకున్నాను. సమానమైతే ఏం చేస్తారో నేను అడిగి తెలుసుకోలేదు. పదేళ్ళుగా ఆగిపోయిన ఆట, నాకు ఎవరు చెప్తారు? సమానమైతే ఒంటి కూత. ఈ ఊరి నుంచి ఒకడు, ఆ ఊరి నుంచి ఒకడు. ఎవరు దిగాలో సొంత ఊరు చెప్పదు, అవతలి ఊరు చెబుతుంది.

"మీ అల్లుణ్ణి దింపండి!" అని వాగవతలి నుంచి ఒకే గొంతుగా కేక లేచింది. "తేల్చుకుంటాం!"

తాత నిలబడి తువ్వాలు దులిపాడు. "అయితే మీ పెద్దోణ్ణి దింపండి," అన్నాడు.

నేను గీసిన గీత ఆ ఇద్దరినీ తెచ్చి ఎదురెదురుగా నిలబెట్టింది. గెలుపూ ఓటమీ లేకుండా నడుమ ఆపాలనుకున్నాను, ఆ నడుమ ఉన్నది ఇది. అమ్మ ఎక్కడుందా అని చూశాను. ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కుపోతున్నారు. అమ్మ ఒక్కతే పందిరి గుంజ పట్టుకుని కదలకుండా నిలబడింది.

కూతకు ఎవరు పోవాలో తేల్చడానికి పెంకు ఒకవైపు ఉమ్మి, పైకెగరేసి తడా పొడా వేశారు. కూత మాకు వచ్చింది. నాయన ముట్టి తిరిగి వస్తే మా ఊరు, పెదనాయన పట్టి ఆపితే ఆ ఊరు. మిగతా పన్నెండుమందీ తప్పుకున్నారు.

"చెడుగుడు చెడుగుడు" అంటూ నాయన గీత దాటాడు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఇంకేం చేయాలో తెలియక. పది. ఇరవై. పెదనాయన వెనక్కి వెనక్కి పోతున్నాడు. ఇరవై ఆరు. నాయన మెడ నరాలు ఉబ్బాయి. ఇరవై తొమ్మిది దగ్గర కూత పలచబడింది. ఇంకొక్క క్షణంలో తెగిపోతుంది. తెగలేదు. మారింది.

"బలేగుడు బలేగుడు బలేగుడు."

ఆయన కావాలని చేయలేదు. చిన్నప్పటి ఊపిరి, ఇది తెగబోతుంటే అది వచ్చి అందుకుంది. పానకం గంగాళం మీద ఈగల చప్పుడు వినపడింది. తాత ముఖంలో రక్తం లేదు. ముప్పై ఎనిమిది. నలభై మూడు. నాయన ఆ హద్దు దాటిపోయాడు. నలభై ఎనిమిదికి అన్న భుజం మీద చెయ్యి పడింది. పెదనాయన చేతులు చాచి ఉన్నాయి, నాయన నడుము వాటి మధ్యే ఉంది. అవి మూసుకోలేదు. యాభై ఒకటికి నాయన గీత ఇవతల పడ్డాడు.

ఒక్కసారిగా రెండు ఊళ్ళూ లేచాయి. "అది మా కూత! మా కూతతో గెలిచి మీదంటారా?" "ఏ కూతైతే ఏంది, ముట్టినాడా లేదా?" గుంజలకు ఆనించిన కర్రల్లో ఒక్కటి కూడా అక్కడ లేదు. సాయబు ఈల ఊదుతున్నాడు, ఎవరూ వినడంలేదు. నేను పలకను గుండెకు హత్తుకుని, గీతలన్నీ గౌనుకు అంటుకుని చెరిగిపోయేదాకా అట్లాగే పట్టుకున్నాను.

పెదనాయన నడిగీత మీదికి వచ్చి, తన ఊరివాళ్ళకు ఎదురుగా నిలబడ్డాడు.

"ముట్టించుకున్నది నేను. చచ్చింది నేను. కూత ఎవరిదని నేనడగలే, మీరెవరు అడిగేదానికి? పదండి ఇంటికి."

వాళ్ళు వెంటనే కదలలేదు. ఒకడు ఆయన కాళ్ళ మీద ఉమ్మాడు. ఆయన తుడుచుకోకుండా వాగు వైపు నడిచాడు. అప్పుడు ఒక్కొక్కరూ వెనకే పోయారు.

తాత నాయన భుజం మీద తువ్వాలు వేసి, "నా కొడుకు," అన్నాడు, పదిమంది వినేటట్టు. మర్నాడు పొద్దున చెప్పులు వాకిట్లోనే ఉన్నాయి. నూరో రోజు దాకా చూసి, తర్వాత చూడడం మానేశాను. నాయన మళ్ళీ గీత మీదికి రాలేదు. ఎవరడిగినా మోకాలు నొప్పి అనేవాడు. గీత సంగతి నన్నెప్పుడూ అడగలేదు.

నేను భయపడిందంతా జరిగింది, కాకపోతే వాగవతల. తమ్ముడి కోసం ఊరిని ఓడించాడని పెదనాయనను జట్టులోంచి తీసేశారు. ఆయన పోయి కూర్చుంటే అరుగు మీదివాళ్ళు లేచిపోయేవాళ్ళట. రెండేళ్ళు ఆయన పొలం పనికి ఎవరూ సాయం రాలేదు. ఇవన్నీ ఇంట్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకుంటుంటే విన్నాను. విన్నప్పుడల్లా పద్దెనిమిదిలోంచి ఒకటి తీసేసేదాన్ని, మనసులో.

ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్ళు మా ఊళ్ళోనే బతికి నాయన పోయాడు. పెద్దకర్మ నాడు పెదనాయన వచ్చాడు. అప్పటికి డెబ్బై అయిదేళ్ళు, చేతికర్ర. భోజనాలయ్యాక పక్కన కూర్చుని, ఇక దాచుకోలేక చెప్పేశాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. "వాడు ఒదిలింది నా కాలికి తెలవదా? వాడు ఒదిలినాడు, నువ్వు గీసినావు. ఆడికాడికి సరిపాయె," అన్నాడు. చేతికర్ర పక్కన పెట్టి, "భయపడినావా ఆ పొద్దు?" అని అడిగాడు.

నన్ను అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అది. "చచ్చేంత భయపడినా పెదనాయనా. నాయన మీ వెంట వాగు దాటి వచ్చేస్తాడని."

"నాకూ అదే భయం."

ఎందుకని అడిగాను.

"వచ్చేసుంటే యాడ పెట్టుకోవాల పాపా? ఉండేది నాలుగెకరాల మెట్ట, దాని మీద పదకొండు నోళ్ళు. వాణ్ణి ఇల్లరికం పంపించింది నేను. వాడికి ఇష్టం లేదు, రెండు రోజులు కూడు తినలే. పొమ్మన్నా. మీవోళ్ళు ఆ పొద్దు ఎళ్ళగొట్టుంటే వాడు నా గడప కాడికే కదా వచ్చేది. రావద్దని చెప్పాల్సినోణ్ణి నేనే. అందుకే నీ గీత చూసి నోరు మూసుకున్నా. అందుకే చేతులు మూయలే. అందరూ నాది తమ్ముడి మీద ప్రేమ అనుకున్నారు. వాడు మాత్రం అట్ల అనుకోలే. వాడికి తెలుసు."

నాయన పోవాలనుకుంటే పోగల ఇల్లు ఒకటి వాగవతల ఉందని తొమ్మిదేళ్ళప్పుడు భయపడ్డాను. లేదని తెలిసిన ఆ మధ్యాహ్నం, నలభై ఏడేళ్ళ వయసులో, విస్తళ్ళు తీస్తున్న ఇంట్లో కూర్చుని, అంతకంటే ఎక్కువ భయపడ్డాను. ఆట రోజున నాయనకు ఆ సంగతి తెలుసు. ఇవతల వెళ్ళగొడితే అవతల చోటు లేదని తెలుసు. తెలిసే, అన్న కాలు వదిలాడు.